గది బయట పెట్టిన బుట్ట

డోరీన్ పాప్‌వర్త్ నోరు మూతపడగా నేను చూసింది ఒక్క ఎండాకాలమే. అంతకుముందు ఆవిడ మాట్లాడకుండా ఉన్న రోజు లేదు. సైకిల్ తొక్కుతూ మాట్లాడేది, దుప్పటి పరుస్తూ మాట్లాడేది, ఎదురుగా మనిషి లేకపోతే కిటికీ అద్దంతో మాట్లాడేది. "నీ నోటికి సెలవులు లేవుటే?" అని నేనంటే, "చచ్చాక ఎలాగూ సెలవే కదే ఐవీ, ఇప్పట్నుంచే తొందరెందుకు?" అనేది.

ఆ ఏడాది అక్టోబరులో విద్యార్థులు తిరిగొచ్చేసరికి ఆవిడ పనిలో లేదు. కాలేజీవాళ్లు తీసేశారని మిల్ రోడ్డు వెంట ఇప్పటికీ చెప్పుకుంటారు. గదిలో ఏదో పోయిందనీ, ఆవిడే తీసిందనీ మొన్న మాంసం కొట్టు దగ్గర ఒకావిడ నా ఎదుటే అంది. నోటికి అడ్డూ అదుపూ లేనివాళ్లు! ఆవిణ్ణి ఎవరూ తీసెయ్యలేదు. తనే మానేసింది. ఎందుకు మానేసిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ గదిలో నేనూ ఉన్నాను.

మేమిద్దరం కేంబ్రిడ్జ్‌లో ఒకే కాలేజీలో బెడర్లం. అంటే విద్యార్థుల గదులు ఊడ్చి, పక్కలు సర్ది, చెత్త తీసేవాళ్లం. ఒక్కొక్కరికి ఒక మెట్లదారి, దాని మీదున్న గదులన్నీ ఆ మనిషే చూసుకోవాలి. డోరీన్ చేసే మెట్లదారి వాళ్లమ్మ చేసిందే. మొగుడు రాన్ చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు. ఆ గదుల్లో పిల్లలే ఆవిడకి పిల్లలు. ఎవడు తిండి మానేశాడో, ఏ పిల్ల రాత్రంతా ఏడ్చిందో తలుపు తియ్యగానే కనిపెట్టేది. పెద్దపెద్ద చదువులు చదివి ఎక్కడెక్కడికో వెళ్లినవాళ్లు పెళ్లిళ్లకి పిలిచేవాళ్లు. ఆవిడ టోపీ కొనుక్కుని మరీ వెళ్లేది.

మా పనిలో ఒక పద్ధతుంది. బల్ల కింద ఉండే చెత్తబుట్టను ఎవరైనా తలుపు బయట పెట్టారంటే, 'ఇవాళ లోపలికి రాకండి, నా మానాన నన్ను వదిలెయ్యండి' అని అర్థం. రాత్రి తప్పతాగి వచ్చినవాడు పెడతాడు. పరీక్షకి చదువుకునేవాడు పెడతాడు. గదిలో తనతోపాటు ఇంకొకరున్న పిల్లా పెడుతుంది. బుట్ట ఖాళీ చేసి, మళ్లీ తలుపు పక్కనే పెట్టేసి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోవాలి. తలుపు కొట్టి పలకరించడం కూడా తప్పే. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు, మా అమ్మల కాలం నుంచి అలా వస్తోంది. కొత్తగా చేరిన పిల్ల ఒకత్తి బుట్ట ఉన్నా తలుపు కొడితే, డోరీన్ దాన్ని మెట్ల మీదే నిలబెట్టి కడిగేసింది.

ఇక ఎండాకాలం. విద్యార్థులు వెళ్లిపోగానే ఆ గదులు ఊరు చూడ్డానికొచ్చేవాళ్లకి అద్దెకిస్తారు. నాకు ఆ మూడు నెలలూ ఒళ్లు మంట. నది నిండా పడవలు, గడ వెయ్యడం రానివాళ్లు ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటూ పెట్టే కేకలు, మెట్ల మీద కరిగిన ఐస్‌క్రీములు. పచ్చిక తొక్కద్దని గేటు దగ్గర కాపలా ఉండే పోర్టర్లు గొంతు చించుకోవాలి. బకెట్టుతో సహా నా ఫొటో ఎన్ని దేశాల్లో ఉందో ఆ దేవుడికే తెలియాలి. డోరీన్‌కి మాత్రం ఎండాకాలమంటే పండగ. తన కథలు విననివాళ్లు వారం వారం కొత్తగా దిగుతారు కదా!

ఆ జులైలో రెండో అంతస్తు గదిలోకి మిస్టర్ గార్‌సైడ్ అని ఒక పెద్దాయన దిగాడు. ఉత్తరాన హాలిఫాక్స్‌లో బస్సు నడిపి రిటైరైన మనిషి. క్రిస్మస్ ముందురోజు టీవీలో కేంబ్రిడ్జ్ చర్చిలో పిల్లలు పాడే పాటలు వస్తాయి కదా, అవి ఆయనా భార్యా ఏటా కూర్చుని చూసేవాళ్లట. ఎప్పటికైనా వెళ్లి ఆ చర్చిలో కూర్చుని విందామనుకునేవాళ్లట. ఆవిడ పోయింది. ఆయన ఒక్కడే వచ్చాడు. తీరా వచ్చింది ఎండాకాలంలో, పాడే పిల్లలందరూ సెలవులకి వెళ్లిపోయాక.

సోమవారం పొద్దున ఆ సంగతి ఆయనకి చెప్పింది డోరీనే. మెట్ల కింద చిన్న వంటగదిలో టీ తాగుతూ నాకు చెప్పింది.

"పాపం, ముఖం ఎలా పెట్టాడనుకున్నావ్! కాసేపటికి తనే పగలబడి నవ్వాడు. 'మా ఆవిడుంటే ముందే కనుక్కునేదండీ, నాకు బస్సు టైములు తప్ప ఏం తెలుసు?' అన్నాడు."

"నువ్వు ఆయనకి ఏమేం చెప్పావ్?"

"ఏముందే, రాన్ సంగతీ, మా అమ్మ సంగతీ..."

"మోకాలి సంగతి?"

"అదీ చెప్పాలే. బుట్ట తియ్యడానికి బల్ల కిందికి వంగితే టక్కుమంది. ఆయన ఉలిక్కిపడ్డాడు, చెప్పకపోతే బావుంటుందా?"

"అయిపోయాడు. రేపటి రైలుకి పోతాడు చూడు."

ఇద్దరం నవ్వుకున్నాం.

మంగళవారం పొద్దున ఆ గది బయట బుట్ట ఉంది. టీ దగ్గర డోరీన్ ముఖం మాడ్చుకుని కూర్చుంది. ఎండకి ఆ చిన్న గది ఉడికిపోతోంది, ఆవిడ కప్పు చేత్తో పట్టుకుని తాగకుండా కూర్చుంది.

"బుట్ట పెట్టాడే, ఐవీ."

"ఎవరు?"

"ఇంకెవరు? నీ బస్సాయన. నిన్నంతా అంత కులాసాగా మాట్లాడి ఇవాళ బుట్ట బయట! నేను ఎక్కువ వాగానన్నమాట. పిల్లిని బయటికి తోసినట్టు తోశాడు నన్ను."

"నిన్ను తోసినవాడు ఆయనొక్కడేనా? పోనీలే, ఒక గది పని తగ్గింది."

"నాకేం బాధ లేదు," అంది. బాధ లేనివాళ్లెవరూ అలా చెప్పరు.

బుధవారం పని మధ్యలో టీకి కూర్చున్నప్పుడు మళ్లీ అదే ఎత్తింది. "ఇవాళా అక్కడే ఉందే బుట్ట. వేరేవాళ్లు సిగ్గుకైనా ఒక కాగితం ముక్క వేస్తారు. ఈయన అదీ వెయ్యలేదు. నిన్న నేను ఖాళీ చేసి పెట్టింది పెట్టినట్టే ఉంది."

నేను కప్పు కింద పెట్టాను. "నువ్వు పెట్టింది పెట్టినట్టేనా? అంటే లోపలికి తీసుకోనేలేదా?"

డోరీన్ నా వైపు చూసింది. తర్వాత ఇద్దరం మెట్లెక్కి పరుగెత్తాం. మోకాలి నొప్పి మనిషి నాకంటే ముందుంది. పేరు పెట్టి పిలిచింది, పలుకు లేదు. తాళాల గుత్తిలో ఆ గది తాళం ఆవిడకి ఓ పట్టాన దొరకలేదు. నేను లాక్కుని తీశాను.

మంచానికీ చేతులు కడుక్కునే తొట్టికీ మధ్య ఆయన పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. పైజామా మీదే ఉన్నాడు. నోరు ఒక పక్కకి లాగేసింది. చేతి దగ్గర ఒక బూటు ఉంది. ఊపిరి ఆడుతోంది. కిటికీ మూసి ఉండటంతో గదిలో గాలి లేదు, కింద ఆవరణలో ఎవరో పిల్లలు ఫొటోకి నవ్వుతున్నారు. డోరీన్ నేల మీద కూలబడి ఆయన తల ఒళ్లోకి తీసుకుంది. అంబులెన్సు వచ్చేవరకూ ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆయన్ని తీసుకెళ్లాక మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పింది.

"ఐవీ, నిన్న ఆయన కొట్టాడే."

"ఏం కొట్టాడు?"

"నేల. నేను బయట నడవలో వాక్యూమ్ మెషీన్ తిప్పుతున్నాను. లోపల్నుంచి టక్ టక్ మని వినబడింది. మన పిల్లలు తాగి పడుకున్నప్పుడు గోడ మీద కొడతారు చూడు, ఆ గోల ఆపవే తల్లీ అని, అదే అనుకున్నాను. అసలే బుట్ట పెట్టి ఉన్నాడు, పైగా నా మెషీన్ గోల. కోపమొచ్చిందనుకున్నాను."

"నువ్వేం చేశావ్?"

"ఆపేశాను. చప్పుడు కాకుండా చేత్తో ఎత్తి కిందికి మోసుకొచ్చాను. మర్యాద కదే! ఎంత మర్యాదో చూడు! ఆయన పిలుస్తుంటే మునివేళ్ల మీద నడిచి వెళ్లిపోయాను."

నేను గట్టిగానే అన్నాను. "ఈ ముక్క ఇంకెవరితోనూ అనకు. విన్నావా? నీకేం తెలుసు? మన పద్ధతి ప్రకారం చేశావ్. నేనైనా అంతే చేసేదాన్ని."

"నువ్వైతే తలుపు కొట్టి నాలుగు తిట్టేదానివి," అంది. నిజమే కావచ్చు.

గురువారం రాత్రి ఆయన ఆసుపత్రిలో పోయాడు. శుక్రవారం పొద్దున మాకు పైనున్న మిసెస్ కార్డెల్ డోరీన్‌ని పిలిచింది. బెడర్లందరి పనీ చూసే మనిషి, చెడ్డదేం కాదు, కాలేజీకి మాట రాకూడదు, అంతే ఆవిడ బెంగ. నేనూ వెంట వెళ్లాను. నన్ను పిలవలేదు, పొమ్మననూ లేదు.

"చూడు డోరీన్, నీ తప్పేం లేదు," అంది మిసెస్ కార్డెల్. "బుట్ట బయట ఉంది, నువ్వు వెళ్లలేదు. ఆయన ఒంటరిగా ఉండాలనుకున్నాడు, మనం ఆయన మాట మన్నించాం. మధ్యాహ్నం కూతురు వస్తోంది, సామాను తీసుకెళ్లడానికి. అడిగితే ఇంతే చెప్పు. పడ్డప్పుడే స్పృహ పోయుంటుందని డాక్టర్లూ అన్నారట. ఆ అమ్మాయికి అదో ఊరట. నీకేమీ చప్పుడు వినబడలేదు కదా?"

డోరీన్ నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను. "వినబడితే వెళ్లదా అండీ?"

మిసెస్ కార్డెల్ తలాడించింది. డోరీన్ నేల చూస్తూ నిలబడింది.

బయటికి రాగానే నా మీద విరుచుకుపడింది. "నా నోరు నువ్వెందుకు మూశావే?"

"మూయక? చెప్పి ఏం సాధిస్తావ్? ఆయన లేచొస్తాడా? ఆ పిల్ల తండ్రి నిద్రలో పోయినట్టే పోయాడనుకుంటోంది. అలా అనుకునే ఏడ్చుకోనీ. నీ మనసు తేలికపడ్డానికి దాని గుండెల్లో బండ పెడతావా?"

"నా మనసు తేలికపడటం గురించి కాదే."

"మరి దేని గురించి?"

పక్కన ఎవరో గైడు గొడుగు ఎత్తి పట్టుకుని పదిమందిని వెంటేసుకుని వెళ్తున్నాడు, వాళ్లకి దారిచ్చి డోరీన్ గోడకి ఆనుకుంది. "ఆయన కొట్టింది ఒక్క నాకే వినబడింది," అంది. "నేనూ వినలేదంటే, ఆయన అసలు కొట్టనే లేదన్నట్టు కదా, ఐవీ."

"అన్నట్టే అవనీ," అన్నాను. "ఆయనకిప్పుడు నొప్పి లేదు. ఆ పిల్లకుంటుంది. నీ కాళ్లు పట్టుకుంటాను, చెప్పకు."

సరేనంది. సరేనన్నట్టు తలాడించింది, అంతే. ఆ మధ్యాహ్నం గది సర్దడానికి నేనూ ఆవిడ వెంటే ఉన్నాను. నిజం చెప్పాలంటే కాపలాకే ఉన్నాను.

కూతురి పేరు జూడిత్. నలభై దాటి ఉంటాయి. తెల్లారి రైలెక్కి వచ్చిందేమో, చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది. చేతిలో ఖాళీ సంచి. గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మోకాలి నొప్పి ఆవిడ మీలో ఎవరండీ?"

డోరీన్ మంచం పక్కన దుప్పటి మడుస్తోంది. చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "నేనేనమ్మా."

ఆ అమ్మాయి గబగబా వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. దుప్పటి మధ్యలో నలిగిపోయింది. "మీతో మాట్లాడకుండా వెళ్లకూడదనుకున్నానండీ. సోమవారం సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. మా అమ్మ పోయాక ఆ గొంతు అంత హుషారుగా వినలేదు. 'ఇక్కడొకావిడుందే, అచ్చం మీ అమ్మలాగే వాగుతుంది, ప్రాణం లేచొచ్చింది' అన్నాడు. రేపు మళ్లీ వస్తుందిట, వాళ్లాయన సైకిలు నదిలో పడ్డ కథ మిగిలిపోయిందిట, అది వినాలన్నాడు."

డోరీన్ ఆ చేతుల్నే చూస్తూ నిలబడింది.

"కింద ఆఫీసులో ఏదో చెప్పారండీ," అంది జూడిత్. గొంతు మారింది. "నాన్న ఒంటరిగా ఉండాలనుకున్నాడట. బుట్ట బయట పెట్టాడట, అదేదో గుర్తట. అవేం మాటలండీ? ఆ మనిషి ఒంటరిగా కూర్చోలేక రోజూ బస్సు డిపోకి పోయి కూర్చునేవాడు. మీ గుర్తులు మా నాన్నకేం తెలుసు? ఫోన్‌లో నాతోనే అన్నాడు, 'పాపం బల్ల కిందికి వంగితే ఆవిడ మోకాలు టక్కుమంటోంది, ఇవాళ్టి నుంచి బుట్ట నేనే బయట పెట్టేస్తా' అని. మీ మోకాలి కోసం పెట్టాడండీ."

డోరీన్ వైపు చూడలేకపోయాను. మంగళవారం నుంచి ఆవిడ నాతో అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి, వాగుడు భరించలేక తోసేశాడనీ, కోపమొచ్చిందనీ.

జూడిత్ కళ్లు తుడుచుకుని కొద్దిగా నవ్వే ప్రయత్నం చేసింది. "పోనీలెండి. మిమ్మల్ని అనడం లేదు. మీకు మాత్రం ఏం తెలుసు? బాధపడలేదన్నారు డాక్టర్లు, అదే పదివేలు. పడ్డవాడు పడ్డట్టే స్పృహ తప్పాడట. లోపల్నుంచి ఏ చప్పుడూ రాలేదు కదండీ?"

నేను గట్టిగా దగ్గాను. డోరీన్ నన్ను పట్టించుకోలేదు. దుప్పటి పక్కన పెట్టి మంచం అంచున కూర్చుంది. ఎన్నేళ్లు పనిచేసినా పరాయివాళ్ల మంచం మీద ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"వచ్చిందమ్మా," అంది.

"డోరీన్!" అన్నాను నేను.

"నువ్వుండవే. వచ్చిందమ్మా చప్పుడు. మంగళవారం పొద్దున. నేనీ తలుపవతలే ఉన్నాను. వాక్యూమ్ మెషీన్ తిప్పుతున్నాను. ఆయన నేల మీద కొట్టాడు, బూటుతో కొట్టుంటాడు. నా మెషీన్ గోలకి కోపమొచ్చి కొడుతున్నాడనుకున్నాను. మా పిల్లలు అలాగే కొడతారు. తలుపు తియ్యలేదు. తీసుంటే అప్పుడే ఆసుపత్రికి వెళ్లేవాడు. బతికేవాడేమో కూడా. నాకు తెలీదు. కానీ కొట్టాడు, నేను విన్నాను. ఆయన పిల్చాడు తల్లీ, ఎవర్నీ పిలవకుండా పోలేదు."

జూడిత్ ముఖంలో రక్తం లేదు. అరుస్తుందనుకున్నాను. చెయ్యెత్తి కొట్టినా అడ్డుపడకూడదనుకున్నాను. ఆ అమ్మాయి వెళ్లి మేము తలుపెనక తగిలించిన తండ్రి కోటు తీసుకుంది. దాన్ని పొట్టకి అదుముకుని మా వైపు తిరిగింది.

"చాలాసేపు కొట్టాడా?"

"లేదమ్మా. నాలుగైదు సార్లు. కాస్త ఆగి, మళ్లీ."

"మీరు వెళ్లిపోయాక?"

"మెషీన్ ఆపి ఓ నిమిషం అక్కడే నిలబడ్డానమ్మా. ఆపగానే ఆయనా ఆపేశాడు. మళ్లీ కొట్టలేదు. కోపం తగ్గిందనుకుని, నేను..." డోరీన్ ఆగిపోయింది.

జూడిత్ తండ్రి పడి ఉన్న చోటు వైపు, తర్వాత తలుపు వైపు చూసింది. కోటు మీద ఆ అమ్మాయి వేళ్లు బిగుసుకున్నాయి.

"మెషీన్ ఆగేసరికి మీరు వస్తున్నారనుకున్నాడు," అంది.

ఆ మాట అప్పటిదాకా డోరీన్ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.